బిడ్డకు చెప్పని ప్రయాణము

మన ప్రాంతమున ఇల్లు వెడలువాడు 'పోతున్న' అనడు, 'పోయొస్త' అనును. తిరిగి రానివాడును అట్లే అనును. అత్తవారింటికి పోవు పిల్లయు, దుబాయికి విమానమెక్కు పడుచువాడును, సిరిసిల్ల విడిచి భివండికి పోయి అచ్చటనే స్థిరపడిన నేతకుటుంబములును ఆ మాటతోనే గడప దాటిరి. ఇందు అసత్యమున్నదని ఎవ్వరును తలపరు. చెప్పువానికిని వినువానికిని దాని యర్థము తెలిసినదే. అది శుభము కోరు మాట, వాగ్దానము కాదు. కాని ఆ సంకేతము నెరుగని శ్రోత యొకడు అనేక గృహములలో నుండును. అయిదేండ్ల బిడ్డ 'పోయొస్తము' అను మాటను విన్నపుడు పోవుట యెంత నిజమో వచ్చుటయు నంత నిజమని నమ్మును. ఆ నమ్మకమును పెద్దలు తమ సౌకర్యమునకు వాడుకొనవచ్చునా యనునదే మా ప్రశ్న.

ఈ ప్రశ్న మాకు గ్రంథములలో దొరకినది కాదు. 2018లో మాకు జగిత్యాలనుండి సిరిసిల్ల ప్రాంతమునకు బదిలీ యైనది. అప్పటికి మా కుమార్తెకు అయిదేండ్లు. ఏడ్చునని భయపడి, ఆమెను ఒకనాడు మేనమామ ఇంట నుంచి, సామాను కట్టి లారీ కెత్తించితిమి. మరునాడు అటునుండి అటే 'వేములవాడ రాజన్నకు మొక్కు చెల్లించి పోయొస్తము' అని బస్సెక్కించితిమి. వేములవాడ దారిలోనే యున్నది గనుక ఇది పూర్తిగ అబద్ధము కాదని మాకు మేమే నచ్చజెప్పుకొంటిమి. చదువుకొన్నవారి యబద్ధములు తరచుగ ఈ జాతివే. కోడె మొక్కు చెల్లించితిమి. వరుసలో నిలిచిన చోట ఉక్కకు తాళలేక పిల్ల మారాము చేసి బిగ్గరగ నేడ్చెను. సాయంకాలమునకు సిరిసిల్లలో క్రొత్త ఇంట దీపము పెట్టితిమి.

మొదటి వారము దినములు ఆమె తన చెప్పులను వాకిట విడువనీయలేదు. పడకచెంతనే పెట్టుకొనెడిది. ప్రక్కవీథిలోని మరమగ్గముల చప్పుడునకు రాత్రి లేచి, "బాపూ, మనింటికి ఎప్పుడు పోదం?" అని యడుగును. 'రేపు' అందుము. కొన్నాళ్ళకు అడుగుట మానెను. చెప్పులు వాకిటికి చేరెను. బంధువులు వచ్చి, "పిల్ల మంచిగ అలవాటు పడ్డది" అని మెచ్చుకొనిరి, మేమును సంతసించితిమి. అటుపిమ్మట నొకనాడు ఆమె పొరుగింటి పిల్లతో చెప్పుచున్న మాట చెవిని బడినది: "నేను గుడిల ఏడ్చిన. రాజన్నకు కోపమొచ్చింది. అందుకే మమ్ముల ఇంటికి పోనిస్తలేడు."

బదిలీ ఉత్తరువు మా పేర వచ్చినది. దాని నేరమును ఆ బిడ్డ తన నెత్తిన వేసికొని నెల దినములు మోసినది. కారణము చెప్పకున్నచో పిల్లలు కారణము లేకుండ నుందురని మేము భ్రమించితిమి. వారట్లుండరు. తామే యొకటి కల్పించుకొందురు. ఆ కల్పించుకొన్న కారణములో దోషి తరచుగ తామే యగుదురు. లోకమున జరుగు సర్వమునకు తానే కేంద్రమని తలచు వయస్సది. ఆ తలపు సుఖమునెడ ముద్దుగ తోచును, దుఃఖమునెడ శిక్షయగును. మా యబద్ధము ఆమెకు ఏడుపు తప్పించలేదు. ఏడ్చుటయే తప్పని నేర్పినది.

'అలవాటు పడ్డది' అను మెప్పును గూర్చి యొక మాట. ఆంగ్లదేశమున జేమ్స్ రాబర్ట్‌సన్ అనునతడు, రెండేండ్ల బాలిక యొకతె తల్లిని విడిచి ఎనిమిది దినములు ఆసుపత్రిలో నున్న తీరును చలనచిత్రముగ తీసి 1952లో చూపించెను. ఆయనయు జాన్ బౌల్బీయు తల్లినుండి వేరుపడిన పసివారియందు మూడవస్థలను గుర్తించిరి: ముందు ఎదిరించి యేడ్చుట, పిదప ఆశ వదలి క్రుంగుట, తుదకు పట్టనట్లుండుట. ఈ మూడవదానిని ఆసుపత్రివారు 'కుదుటబడినది' అని సంతోషించెడివారట. ఇల్లు మారుట తల్లిని విడుచుట కాదు. రెంటిని ఒక్క త్రాసున తూచరాదు. కాని బిడ్డ యూరకుండుటను చూచి పెద్దలు వ్రాసికొను యోగ్యతాపత్రమును ఒకపరి శంకించుట మంచిది.

మా దుఃఖము స్వల్పమైనది. మా పాత ఇల్లు జగిత్యాలలో నిలిచియే యున్నది. మధ్యమానేరు జలాశయము క్రింద మునిగిన చీర్లవంచ, చింతల్‌ఠాణా, కొదురుపాక, నీలోజిపల్లి మొదలగు గ్రామముల పిల్లలకు అదియును లేదు. ఇరువదియైదు టి.ఎం.సి.లు పట్టు ఆ జలాశయము వలన పారు పొలములను మేము కాదనము. ఇండ్లకు, బావులకు, చెట్లకు వెల కట్టిరి; ఆ వెల చాలినదా లేదా యని పెద్దలు పోరాడిరి. 2013 నాటి భూసేకరణ, పునరావాస చట్టము వయస్సు వచ్చినవానిని వేరు కుటుంబముగ నెంచును. మైనరు బిడ్డను తల్లిదండ్రుల కుటుంబములోనే కలిపివేయును. పరిహారపు లెక్కకు అది సరియే కావచ్చును. కాని లెక్కలో వేరుగ లేని బిడ్డ దుఃఖములోను వేరుగ లేదని మనము నమ్మజొచ్చితిమి. బిడ్డకు సంబంధించిన విషయములలో బిడ్డ తలపును వినవలెనని చెప్పు 1989 నాటి బాలల హక్కుల ఒడంబడికకు మన దేశము 1992లోనే సమ్మతించినది. ఆ వినుట కచ్చేరీకంటె ముందు వంటయింట ఆరంభము కావలసినది.

పునరావాస కాలనీనుండి వచ్చు ఆరేండ్ల పిల్లవానిని 'మీ యిల్లు గీయుము' అంటిమి. వాడు ముంగిట పెద్ద వేపచెట్టు గీచెను. కాలనీలో నాటికి మొక్కలే గాని చెట్లు లేవు. "సార్, నీళ్లు ఎండితే మా ఇల్లు కనవడ్తదా?" అని యడిగెను. 'కనబడును' అన్నచో ఆ పూట గడచిపోవును. అప్పటికి మేము కొంత బుద్ధి తెచ్చుకొని యుంటిమి గనుక, "ఇల్లు ఉండదు బిడ్డా, కూలగొట్టిరి. నీళ్లు తగ్గితే నేల కనబడవచ్చును" అని చెప్పితిమి. వాడు కొంతసేపు పలక చూచుకొని, చెట్టునకు మరికొన్ని యాకులు వేసెను.

నిజము చెప్పిన బిడ్డ కర్థము కాదందురు. నిజమే, బదిలీల నియమములు, నీటి పంపకములు వారి కర్థము కావు. అవి మాకును పూర్తిగ అర్థము కావు. కాని 'ఇది నీవలన జరిగినది కాదు' అనునది మూడేండ్ల వానికిని అర్థమగును. మిగిలినదానిని వారి కొలతలోనికి తెచ్చుట పెద్దల పని. కోరుట్లలో బీడీలు చేయు నొక ముసలమ్మను మే మెరుగుదుము. కొడుకు రెండేండ్ల ఒప్పందముపై గల్ఫునకు పోగా, కోడలును మనుమడును ఊరినుండి ఆమె యింటికి చేరిరి. ఆమె మనుమని ముందర ముంతలో ఇరువదినాలుగు చింతగింజలు పోసి, పున్నమ కొక్కటి తీయించెడిది. తుది గింజ తీయవలసిన నెలలో కొడుకు మరి మూడు నెలలు ఆగవలసి వచ్చినది. ఆమె రాత్రివేళ రహస్యముగ గింజలు కలుపలేదు. మనుమని పిలిచి, వాని యెదుటనే మూడు గింజలు వేసెను. వాడు ముంతను తన్ని యేడ్చెనట. ఏడ్వనిచ్చి, చెదరిన గింజలను వానిచేతనే ఏరించెను. బాలశిక్షణమును గూర్చి మేము చదివిన యాంగ్ల గ్రంథములలో ఇంతకు మించినది కనబడలేదు.

పురాణము మాత్ర మిట్లు చెప్పలేదా? భాగవతమున గోకులము నుత్పాతములు చుట్టుముట్టగా, ఉపనందుడను వృద్ధుడు పిల్లల క్షేమము కొరకే బృందావనమునకు తరలుదమనును. బాలకృష్ణుని సమ్మతి నెవ్వరు నడుగలేదు. అడుగనక్కరయు లేదు, పోవుటా ఉండుటా యనునది పెద్దలు మోయవలసిన బరువు. కాని బండ్లు సాగునపుడు యశోదా రోహిణులు బిడ్డలతో నొక్క బండిలో కూర్చుండి, వారి ముచ్చట లాలించుటకు కుతూహలపడిరని వ్యాసుడు ప్రత్యేకముగ చెప్పెను. మా బస్సులో మేము పిల్లను నిద్రపుచ్చ జూచితిమి.

ఆ మాట చెవిని బడిన రాత్రి పిల్లకు సర్వమును చెప్పితిమి. రాజన్నకు కోపము లేదనియు, కొలువు మాదనియు, ఆ యింట ఇపుడు వేరొకరున్నారనియు, 'రేపు' అన్నది అబద్ధమనియు చెప్పితిమి. అంతకు ముందెన్నడు నేడ్వనంతగ ఏడ్చెను. ఆ వచ్చిన ఆదివారము జగిత్యాలకు తీసికొని పోయితిమి. క్రొత్తగ దిగినవారు సహృదయులు, లోనికి రమ్మనిరి. శకుంతల ఆశ్రమము విడుచునపుడు కణ్వుడు చెట్లను సైతము సెలవడిగిన ఘట్టమును ఏటేట పిల్లలకు పాఠము చెప్పుచు, సొంత బిడ్డకు జామచెట్టుతో నొక్క మాట చెప్పుకొను అవకాశము మే మీయకపోతిమి. ఆమె చెట్టునేమియు ననలేదు. గోడమీద తన యెత్తునకు బొగ్గుతో గీచిన గీతను వెదకెను. సున్నము వేసిరి, కనబడలేదు. పొరుగింటి అవ్వ ఒడిలో కొంతసేపు కూర్చుండి, తానే లేచి, "పోదం బాపూ" అనెను.

ఇపుడు ఆ యింటి ముచ్చట యెత్తిన ఆమెకు జామచెట్టు తప్ప వేరేమియు జ్ఞాపకము లేదు. కాని మేము వాకిట చెప్పులు తొడుగుచు 'పోయొస్త' అన్నచో, చేతిలోని పుస్తకమునుండి తల యెత్తి, "ఎప్పటికి?" అని యడుగును. గంట చెప్పి కదలుదుము.