క్రీస్తులో కొరత లేదు

నేటి తుర్కియేలోని లైకస్ నదీలోయలో కొలొస్సయి అనే పట్టణం ఉండేది. ఒకప్పుడు పెద్ద నగరం, ఉన్నికి పేరుపడ్డ ఊరు. మొదటి శతాబ్దం వచ్చేసరికి పొరుగునున్న లవొదికయ, హియెరాపొలి దాన్ని మించిపోయాయి. వన్నె తగ్గిన ఆ ఊళ్లో ఎపఫ్రా అనే స్థానికుడు చెప్పిన సువార్త విని కొందరు యేసును నమ్మారు. వాళ్లలో చాలామంది అపొస్తలుడైన పౌలును చూసి ఎరగరు. అయినా సంకెళ్లలో ఉన్న పౌలు వాళ్ల కోసం నాలుగు అధ్యాయాల ఉత్తరం రాసి పంపాడు. క్రీస్తు ఎంతటివాడో, విశ్వాసికి ఆయన ఎలా చాలునో తెలుసుకోగోరే ప్రతివారూ తీరిక చేసుకుని చదవాల్సిన ఉత్తరం అది. బైబిలు కొత్త నిబంధనలో కొలొస్సయులకు వ్రాసిన పత్రికగా ఉన్నది అదే.

ఆ సంఘానికి వచ్చిన చిక్కేమిటో ఉత్తరం చదివితే తెలుస్తుంది. క్రీస్తును వదిలేయమని వాళ్లతో ఎవరూ అనలేదు. ఆయన ఒక్కడితో సరిపోదన్నారు, అంతే. ఫలానా పండుగ చేయాలి, అమావాస్యను, విశ్రాంతి దినాన్ని పాటించాలి, ఇది తినకూడదు, అది ముట్టకూడదు, దేవదూతలను కొలవాలి, దర్శనాలు కలగాలి అంటూ ఒక్కొక్కటే కలుపుతూ పోయారు. ఇలాంటి బోధకు బలం ఇచ్చేది భయమే. కంటికి కనిపించని శక్తుల చేతిలో మన బతుకు ఉందని, వాటిలో దేనికి ఏం తక్కువ చేసినా కీడు తప్పదని అనుకునేవాడికి ఎంత చేసినా చేసినట్టు ఉండదు.

పౌలు ఆ చిట్టా జోలికి వెంటనే వెళ్లడు. ముందు క్రీస్తును చూపిస్తాడు. కంటికి కానరాని దేవుడు ఆయనలోనే మనకు కనిపిస్తున్నాడంటాడు. ఆకాశమూ భూమీ, కనబడేవీ కనబడనివీ, సింహాసనాలూ అధికారాలూ అన్నీ ఆయన ద్వారానే, ఆయన కోసమే కలిగాయంటాడు. సృష్టి చెదిరిపోకుండా నిలిచింది ఆయన వల్లనే, సంఘానికి శిరస్సు ఆయనే, మృతుల్లోనుంచి మొదట లేచినవాడూ ఆయనే అంటాడు. దేవుని సంపూర్ణతంతా ఆయనలో శరీరంగా నివసిస్తోందంటాడు. సిలువ మీద నేరస్థుడిలా చనిపోయిన ఒక నజరేతువాడి గురించి, ఆ సంఘటన జరిగిన దాదాపు ఒక తరం కాలంలోనే అన్న మాటలివి. ఇంత పెద్ద మాట అనే ధైర్యం పునరుత్థానం నుంచి వచ్చింది.

ఆ వెలుగులో చూస్తే కొలొస్సయుల భయాలకు చోటెక్కడిది? ఏ శక్తులకు వాళ్లు జడుస్తున్నారో ఆ శక్తులను కలిగించినవాడే వాళ్ల ప్రభువు. మన మీదున్న బాకీ పత్రాన్ని దేవుడు సిలువకు మేకులతో కొట్టి రద్దు చేశాడని, అక్కడే ఆ శక్తుల ఆయుధాలు లాగేసుకున్నాడని పౌలు రాశాడు. తీరిపోయిన బాకీకి మళ్లీ వాయిదాలు కట్టనక్కర్లేదు.

మన తెలుగు సంఘాలకూ ఈ ఉత్తరం అవసరమే. ప్రార్థన చేసిన నూనె ఇంట్లో ఉంటేనే కీడు దరిచేరదని, ఫలానా దైవజనుడు చేయి ఉంచితేనే పని జరుగుతుందని, ఇన్ని దినాల ఉపవాసం పూర్తయితేనే దేవుడు వింటాడని మనలో ఎందరో నమ్ముతున్నారు. ఉపవాసం మంచిదే, కూడి ప్రార్థించడం మంచిదే. ప్రభువు మీది ప్రేమతో చేసే ఉపవాసం వేరు, చేయకపోతే ఏమవుతుందోనని బెదిరి చేసేది వేరు. మొదటిది ఆరాధన. రెండోది క్రీస్తు చేసిన పని సగంలో ఆగిందని ఒప్పుకోవడం.

క్రీస్తు చాలు అన్నామని మనుషుల సాయం, మందుమాకులు అక్కర్లేదని అనుకోకూడదు. ఈ ఉత్తరం చివర తనతో ఉన్నవారి పేర్లు చెబుతూ పౌలు లూకాను ప్రియమైన వైద్యుడని పిలిచాడు. ఎపఫ్రా మీ కోసం ప్రార్థనలో పోరాడుతున్నాడని రాశాడు. తాను కూడా క్రీస్తు ఇచ్చే బలంతోనే ప్రయాసపడుతున్నానన్నాడు. వైద్యుడూ, స్నేహితుడూ, కష్టపడే ఓపికా అన్నీ ఆయన ఇచ్చినవే. వాటిని చేతులు చాచి అందుకుందాం. ఆయనకు దక్కాల్సిన నమ్మకాన్ని మాత్రం వాటిమీద పెట్టవద్దు.

క్రీస్తు చాలునని నమ్మినవాడి బతుకు ఎలా ఉంటుంది? ఆ ఉత్తరం తెచ్చిన తుకికుతో పాటు ఒనేసిము కూడా కొలొస్సయికి వచ్చాడు. అతను ఫిలేమోను అనే విశ్వాసికి దాసుడు, యజమానికి దూరమైనవాడు. ఇతన్ని దాసుడిగా కాక ప్రియ సహోదరుడిగా చేర్చుకొమ్మని, ఇతనేమైనా బాకీ ఉంటే నా లెక్కలో రాసుకొమ్మని పౌలు ఫిలేమోనుకు వేరే ఉత్తరం రాశాడు. క్రీస్తు తన బాకీ తీర్చాడని నమ్మినవాడు ఇంకొకరి బాకీ తన మీద వేసుకోవడానికి ముందుకొచ్చాడు. దాసుడనీ స్వతంత్రుడనీ తేడా లేదు, అందరిలోనూ క్రీస్తే సర్వమూ అని సంఘానికి బోధించి, ఆ బోధ ప్రకారం నడుచుకొమ్మని ఒక ఇంటి యజమానిని పేరుపెట్టి అడిగాడు.

క్రీస్తు అన్నిటికంటే పైవాడని మనం పాడుతున్నాం, ప్రకటిస్తున్నాం. ఆ మాట నిజమైతే కులం పేరుతో బల్ల దగ్గర ఎవరినీ దూరంగా కూర్చోబెట్టలేం. మన దగ్గర పనిచేసేవారికి న్యాయమైన కూలి ఎగ్గొట్టలేం. తప్పు చేసి తిరిగొచ్చినవాడి పాత లెక్కలు తవ్వలేం. ఆయన మనకు చాలినవాడు కనుకనే ఇవ్వడానికీ, క్షమించడానికీ మన దగ్గర ఎప్పుడూ లోటుండదు.