ఏలీయాకు దేవదూత ముందు రొట్టె పెట్టాడు



కొన్నేళ్ల క్రితం కోనసీమలో ఒక విచారణలో సేవ చేస్తున్నప్పుడు జరిగిన సంగతి ఇది. ఆ సోదరి అనుమతితోనే రాస్తున్నాను. ప్రతి శనివారం పీఠానికి పూలు సర్దే ఆమె గుడికి రావటం మానేసింది. భర్త మస్కట్‌లో ఉన్నాడు. ఒడిలో నాలుగు నెలల బిడ్డ. ఒక సాయంత్రం తనే వచ్చి గుడి మెట్ల మీద కూర్చుంది.

"ఫాదర్‌గారండీ, జపమాల పట్టుకున్నా ప్రార్థన రావటం లేదండి. బిడ్డ ఏడుస్తున్నా లేవాలనిపించటం లేదండి. నేను పాపాత్మురాలినండి" అంది.

విశ్వాసం తగ్గిందనుకుని, రోజూ ఇంకొక జపమాల చెప్పుకోమన్నాను. మోయలేక వంగిన భుజం మీద మరో బరువు పెట్టాను.

ఆమె అక్కగారు నాకంటె వివేకవంతురాలు. చెల్లెలి నోట "చచ్చిపోతే బాగుండును" అన్న మాట విని, ఆ రోజే ఆస్పత్రికి తీసుకువెళ్లింది. ప్రసవం తరువాత వచ్చిన మానసిక కుంగుబాటు అన్నారు డాక్టరుగారు. మందులతో, ఇంటివారి తోడుతో కొన్ని నెలలకు కోలుకుంది. ఈస్టరు నాటికి పీఠం మీద మళ్లీ ఆమె పూలు కనిపించాయి.

రాజుల మొదటి గ్రంథం 19వ అధ్యాయం తీసి చూడండి. ప్రాణం తీసుకొమ్మని దేవుణ్ణి అడిగి, ఏలీయా ప్రవక్త చెట్టు క్రింద పడుకున్నాడు. దేవదూత మందలించలేదు, ప్రార్థించమనలేదు. రొట్టె, నీళ్లు ఇచ్చి నిద్రపోనిచ్చాడు. మళ్లీ లేపి తినిపించాడు. హోరేబు కొండకు ప్రయాణం ఆ తరువాతే. పునీత తోమాస్ అక్వినాస్ కూడా దుఃఖానికి మందులుగా కన్నీటిని, స్నేహితుల సానుభూతిని, సత్యధ్యానాన్ని చెప్పి, నిద్రనూ స్నానాన్నీ చేర్చారు. సెమినరీలో ఇది చదువుకుని పరీక్ష రాశాను గాని, ఆ మెట్ల మీద గుర్తుకు రాలేదు. ఆత్మ, శరీరం వేరు వేరు గదులు కావు. ఒకటి నలిగితే రెండవది మూలుగుతుంది.

కుంగుబాటు స్త్రీలలో పురుషులకంటె సుమారు 50 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. గుర్తులు తెలుసుకోండి: రెండు వారాలకు పైగా దాదాపు ప్రతిరోజూ దిగులు, ఇష్టమైన పనుల మీద కూడా అనాసక్తి, నిద్ర, ఆకలి మారిపోవటం, తీరని అలసట, తనను తాను నిందించుకోవటం, చావు ఆలోచనలు. కొందరు దిగులు చెప్పరు, తలనొప్పి, ఒళ్లునొప్పులు అంటారు. రక్తహీనత, థైరాయిడ్ లోపం కూడా ఇలాగే కనిపించవచ్చు గనుక డాక్టరు రక్తపరీక్ష చేయిస్తారు. మందులు పనిచేయటానికి కొన్ని వారాలు పడుతుంది. బాగుంది కదా అని మధ్యలో సొంతంగా మానకూడదు.

అత్తగార్లకు, భర్తలకు ఒక మనవి. కోడలు మంచం దిగకపోతే బద్ధకమనకండి, గాలి సోకిందనకండి. కువైట్‌లో ఇంటిపని చేసి వచ్చిన తల్లి మాట్లాడటం మానేస్తే పొగరనకండి. ప్రక్కన కూర్చోండి. "చచ్చిపోవాలని ఉందా?" అని నెమ్మదిగా అడగండి. అడిగితే ఆ ఆలోచన పుట్టదు, దాచుకున్న బరువు దిగుతుంది. ఉందంటే ఒంటరిగా వదలక వెంటనే ఆస్పత్రికి తీసుకువెళ్లండి. 2022 అక్టోబరులో ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్‌కు 14416 నంబరులో పగలైనా రాత్రైనా ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చు.

పరువు పోతుందని భయమా? మన చిన్న తెరేజమ్మగారి తండ్రి లూయీ మార్టిన్‌గారు 1889 నుండి మూడేళ్లకు పైగా మానసిక చికిత్సాలయంలో ఉన్నారు. 2015లో శ్రీసభ ఆయనను పునీతునిగా ప్రకటించింది. ఆ జబ్బు ఆయన పవిత్రతకు మచ్చ కాలేదు.

జపమాల మానమని నేను చెప్పటం లేదు. ఆమె చెప్పుకోలేని రోజున ఆమె ప్రక్కన కూర్చుని మీరు చెప్పండి. ఆమెకు అన్నం పెట్టండి, బిడ్డను ఎత్తుకోండి, డాక్టరు దగ్గరకు తోడు వెళ్లండి. దేవదూత చేసింది అదే.

సిలువ క్రింద నిలిచిన వ్యాకులమాత మన ఇళ్లలోని తల్లులందరికీ తోడుగా ఉండుగాక. ఆమెన్.