టార్పిడో అతికించాలా, వద్దా?

ఇళ్ళ ఆశీర్వాదానికి వెళ్ళినప్పుడు మా విచారణలో ఒక ఇంట భోజనాల బల్లమీద ఒక విమానం ముక్కలు ముక్కలుగా పరచి ఉంది. ఇంటరు చదివే అబ్బాయికి విదేశంలో ఉన్న మేనమామ పంపిన ప్లాస్టిక్ నమూనా అది. ముక్కలు అతికించి, రంగులు వేసుకోవాలి. విమానం పేరు ఫెయిరీ స్వోర్డ్‌ఫిష్. రెండవ ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ నౌకాదళం వాడినది. ఒకదానిపై ఒకటిగా రెండు జతల రెక్కలు, పైకప్పులేని గదిలో ముగ్గురు మనుషులు, కడుపు కింద ఒక టార్పిడో. అసలు విమానం రెక్కల కొసనుండి కొసకు దాదాపు 14 మీటర్లు. 72వ వంతుకు తగ్గిస్తే 19 సెంటీమీటర్లు.

టీ అందిస్తూ ఆ తల్లి అడిగింది: "ఫాదర్‌గారూ, మనుషుల్ని చంపిన విమానాన్ని వీడు నెలరోజులుగా ఇంత ముద్దుగా చేసుకుంటున్నాడు. తప్పు కాదా?"

"ఆటేగదమ్మా" అని నవ్వేశాను. ఇంటికి వచ్చాక ఆ జవాబు నాకే నచ్చలేదు.

ఆ తర్వాత రెండు మూడు సాయంత్రాలు ఆ బల్లదగ్గర కూర్చున్నాను. రెక్కల మధ్య బిగించే తీగలకోసం అబ్బాయి చేసే పని చూడవలసిందే. ముక్కలు అంటుకుని వచ్చిన ప్లాస్టిక్ కాడను కొవ్వొత్తి సెగకు పట్టి, మెత్తబడగానే రెండువైపులా లాగితే వెంట్రుకంత సన్నని దారం వస్తుంది. కాస్త తొందరపడితే తెగుతుంది. గుడిలో మిగిలిన కొవ్వొత్తి ముక్కలు నేనే తెచ్చి ఇచ్చాను. ఒకరోజు ఆ ధ్యాసలో సాయంకాల ప్రార్థన ఆలస్యమైంది కూడా! అది నా పాపసంకీర్తనంలో చెప్పుకోవలసిన సంగతి, ఇక్కడ కాదు.

పునీత థామస్ అక్వినాస్ కళకూ వివేకానికీ తేడా చూపిస్తాడు. తయారయ్యే వస్తువు బాగా కుదిరిందా అని చూసేది కళ. చేసే మనిషి మంచివాడవుతున్నాడా అని చూసేది వివేకం. కమ్మరి దుర్మార్గుడైనంత మాత్రాన అతని కత్తికి పదును తగ్గదు. ఆటపాటలను ఆయన తీసిపారేయలేదు. మితంగా ఆడుకోవడంలోనూ ఒక సుగుణం ఉందన్నాడు. కనుక "పని బాగుందా?" అంటే సందేహమే లేదు, బాగుంది. ఆ తల్లి అడిగినది రెండవ ప్రశ్న. దానికి విమానాన్ని చూసి జవాబు చెప్పలేం, ఆ పిల్లవాణ్ణి చూసే చెప్పాలి.

రంగుల దగ్గర ఒక విచిత్రం గమనించాను. ఈ విమానాల పైభాగానికి రెండు రకాల బూడిదరంగులు వేసేవారు, పైనుండి చూసేవారికి సముద్రంలో కలిసిపోయేలా. పై రెక్క నీడపడి కింది రెక్క మరీ ముదురుగా కనిపిస్తుంది కనుక, కింది రెక్కకు లేత ఛాయలు వాడేవారు. శత్రువు కన్నుగప్పడానికి వేసిన రంగు అది. దాన్ని ఉన్నదున్నట్టు దించాలని అబ్బాయి మూడుసార్లు కలిపి, మూడుసార్లు తుడిచేశాడు. మోసాన్ని ఎంత నిజాయితీగా నకలు చేస్తున్నాడో!

మరి ఆ నిజాయితీ రంగు దగ్గరే ఆగిపోవచ్చా? ఈ విమానాలను నడిపినవారిలో యూజీన్ ఎస్మండ్ అనే ఐరిష్ కతోలికుడు ఉన్నాడు. జెస్విట్ గురువుల దగ్గర చదివాడు. యౌవనంలో మిషనరీ గురువు కావాలని కొంతకాలం శిక్షణ కూడా పొందాడు. 1941 మే 24న బిస్మార్క్ అనే జర్మన్ యుద్ధనౌకపై దాడికి నాయకత్వం వహించాడు. ఒక టార్పిడో తగిలి ఒక నావికుడు మరణించాడు. రెండు రోజుల తర్వాత వేరే స్వోర్డ్‌ఫిష్‌లు వేసిన టార్పిడో నౌక చుక్కానిని పట్టేసింది. మర్నాడు నౌక మునిగింది. రెండువేల మందికి పైగా ఉన్నవారిలో బతికినది సుమారు 115 మంది. 1942 ఫిబ్రవరి 12న ఇంగ్లిష్ చానల్ గుండా వెళ్తున్న జర్మన్ నౌకలమీదికి ఎస్మండ్ ఆరు విమానాలతో వెళ్ళాడు. ఆరూ కూలిపోయాయి. 18 మందిలో 13 మంది చనిపోయారు, వారిలో ఎస్మండ్ ఒకడు. ఒక్క టార్పిడో కూడా తగలలేదు.

వీళ్ళను హంతకులందామా? 1965లో వాటికన్ మహాసభ నగరాలను విచక్షణలేకుండా నాశనం చేయడాన్ని దేవునికీ మానవునికీ విరోధమైన నేరంగా ఖండించింది. అదే పత్రంలో, సైన్యంలో తమ విధిని సరిగా నిర్వర్తించేవారు శాంతికి తోడ్పడుతున్నారనీ చెప్పింది. ఆ రెండు మాటల్లో ఒకదాన్ని మరిచిపోవడం చాలా సులభం.

ఇదంతా వాళ్ళిద్దరికీ చెప్పాను. తల్లి ఒక మధ్యేమార్గం చూపింది: "పోనీ, ఆ టార్పిడో తీసేసి పెట్టుకోరా." నమూనాలో అది చిటికెన వేలంత ఉంటుంది. "అమ్మా, అది లేకపోతే స్వోర్డ్‌ఫిష్ ఎలా అవుతుంది?" అన్నాడు అబ్బాయి. నేను అబ్బాయి పక్షమే వహించాను, కాని నా కారణం వేరు. టార్పిడో తీసేస్తే అందమైన రెక్కలే మిగులుతాయి, ఆ విమానం దేనికోసమో దాచినట్టవుతుంది. చంపిన సంగతి తుడిచేసి అందాన్ని మాత్రం అలమారలో పెట్టుకుంటే, అప్పుడు ఆమె భయపడినదే జరుగుతుంది. ఈ మాటకు ఆమె పూర్తిగా ఒప్పుకోలేదు. నేనూ పట్టుబట్టలేదు.

పెట్టెలో మనుషుల బొమ్మలు కూడా ఉన్నాయి, గోరంత గోరంతవి. ముఖాలు సరిగా రావని అబ్బాయి వాటిని పక్కన పడేశాడు. టార్పిడో పెడితే వీళ్ళనూ కూర్చోబెట్టాలన్నాను. ఇద్దరికి వాడు రంగు వేశాడు. మూడవవాడికి తల్లి కళ్ళజోడు పెట్టుకుని తానే వేసింది. కుంచె కాస్త జారి రంగు చెంపమీదినుండి టోపీమీదికి పాకింది. అబ్బాయి దిద్దబోతే వద్దంది.