ఇంట మిగిలిన నూనె

ధ్యాన భాగము: రెండవ రాజులు 4:1–7



ఈ భాగములోని విధవరాలి పేరు మనకు తెలియదు. ఆమె భర్త ప్రవక్తల శిష్యులలో ఒకడనియు, దైవభక్తి గలవాడనియు మాత్రమే తెలియును. అట్టివాడు చనిపోయి అప్పు మిగిల్చెను. ఆ అప్పుకు బదులుగా ఆమె యిద్దరు పిల్లలను దాసులుగా తీసికొనిపోవుటకు అప్పులవాడు వచ్చియున్నాడు. భక్తిగల యింటికి కరవు రాదని మనలో కొందరు ప్రసంగించుచుందురు గాని వాక్యము అట్లు చెప్పుటలేదు. ఎలీషా చనిపోయినవానిని నిందింపలేదు, ఆమెను ఓదార్చి పంపివేయనూ లేదు. ఇంటిలో ఏమి మిగిలినదని అడిగెను. లెక్క అడిగెనన్నమాట.

గత మాసమున హైదరాబాదులోని ఫిలింనగరులో ఒక వృద్ధుని యింట కూర్చుండినప్పుడు ఈ ప్రశ్న మాకు జ్ఞాపకమునకు వచ్చెను.

జూబ్లీహిల్స్ అనగానే మన పల్లెలవారికి తోచునది సినిమావారి మేడలే. మేడలున్నవి, నిజమే. కాని చెక్‌పోస్టు దిగువను కృష్ణానగరులోను, ఫిలింనగరు బస్తీలలోను గోడకు గోడ ఆనుకొని చిన్న యిండ్లున్నవి. దీపములు మోయువారు, రంగు పూయువారు, గుంపులో నిలుచువారు అక్కడ కాపురముందురు. మేము చూడబోయిన వృద్ధుడు మన ప్రాంతమునందే బాప్తిస్మము పొందినవాడు. యౌవనమున మద్రాసు పోయి లైట్‌మేన్‌గా పనిచేసి, పరిశ్రమ హైదరాబాదునకు తరలివచ్చినప్పుడు దానితోకూడ వచ్చెను. ఇప్పుడు వయస్సు 72. భార్యకు 67.

"అయ్యగారూ, పనిలో ఉన్నంతకాలం యూనియన్ తరఫున ఇన్సూరెన్సు ఉండేది. పని మానేశాక అదీ పోయింది," అని అతడు చెప్పెను. గుంపుగా తీసికొను పాలసీ స్వభావమే అది. గుంపులో ఉన్నంతవరకే నీడ. 2017లో, 64వ యేట, తమ యిద్దరి పేరట సొంతముగా పాలసీ తీసికొనెను. అప్పటికే పదేండ్లుగా అతనికి చక్కెర వ్యాధి ఉన్నది. ఉన్నదని వ్రాసిన ప్రీమియము పెరుగును, లేదని వ్రాయుమని మధ్యవర్తి చెప్పగా అట్లే వ్రాయించెను. రెండేండ్లకు కాలిపుండుతో ఆసుపత్రిలో చేరెను. కంపెనీవారు పాత చీటీలు తెప్పించి చూచి, దాచితివి గనుక ఇయ్యమనిరి. కుమారునికి ఉద్యోగమున్నందున తెల్లకార్డు లేదు, కార్డు లేనందున ఆరోగ్యశ్రీ లేదు. ఊరిలోని తాత నాటి స్థలము అమ్మి బిల్లు కట్టిరి.

అతనికి కోపము వచ్చినది కంపెనీమీద కాదు. "లేదు అని రెండు అక్షరాలు రాశానండీ. స్థలం పోయింది," అనెను.

అననీయ సప్పీరాల కథ మేము ఎన్నిమార్లు ప్రసంగించితిమో! అది కానుక సొమ్మును గూర్చి మాత్రమే అనుకొంటిమి. ఫారము మీద చేయు సంతకమును గూర్చి కూడ ప్రసంగింపవలసినదని ఆ దినము తెలిసెను.

సినిమాలోకమున ఇట్టి గతి చిన్నవారికే పట్టినది కాదు. చిత్తూరు నాగయ్యగారు పోతనగా, 1946లో త్యాగయ్యగా, 1947లో వేమనగా నటించి గొప్ప ధనము గడించిరి. అడిగినవారికెల్ల ఇచ్చిరి. కడపటి యేండ్లలో చిన్న చిన్న వేషములు వేసికొనుచు 1973లో మద్రాసులో కాలము చేసిరి. కత్తియుద్ధములకు పేరుగాంచిన కాంతారావుగారు సొంతముగా సినిమాలు తీసి నష్టపడి, 2009లో హైదరాబాదులో క్యాన్సరుతో మరణించిరి. నాగయ్యగారి దాతృత్వమును మేము తప్పుపట్టము. మనలో అట్టి చెయ్యి గలవారెందరు? అయితే ఇచ్చువాడు తన ముసలితనమును కూడ అడుగువారి వరుసలో నిలువబెట్టవలెనని మాత్రము అనిపించును.

ఇక ఆ వృద్ధుని యింటిలో మిగిలిన నూనె యేమి? స్థలము అమ్మగా బిల్లు పోను 4 లక్షలు మిగిలెను. బంధువు ఒకడు వడ్డీ ఎక్కువ యిత్తునని ఆ సొమ్ము అడుగుచున్నాడు. ఇంటివారు సందేహములో నుండిరి. మేము వద్దంటిమి. మాటలో మొగమాటము పనికిరాని సమయములున్నవి. పోస్టాఫీసులో 60 యేండ్లు దాటినవారికి ప్రత్యేకముగా ఒక పొదుపు పథకమున్నది. 2023 ఏప్రిల్‌లో దాని వడ్డీ నూటికి 8 రూపాయల 20 పైసలుగా నిర్ణయింపబడెను. ఆ లెక్కన 4 లక్షలకు సంవత్సరమునకు 32,800, అనగా మూడు నెలలకొకసారి 8,200 చేతికి వచ్చును. కొత్తగా చేరువారికి రేటు మారవచ్చును గాని చేరినవారికి ఆ అయిదేండ్లు మారదు.

భార్య పేరట 2021లో వేరొక పాలసీ తీసికొని, ఈసారి బి.పి. ఉన్నదని వ్రాయించిరి. దాని ప్రీమియము 26,000. దానిమీద నూటికి 18 చొప్పున 4,680 రూపాయలు పన్ను కూడ కట్టుచుండిరి. 2025 సెప్టెంబరు 22 నుండి వ్యక్తుల ఆరోగ్య బీమాపై ఆ పన్ను తీసివేయబడెను. వడ్డీతో ప్రీమియము పోగా మందులకు కొంత మిగులును. ప్రీమియము మరుసటి యేడు పెరుగదా అని ఆమె అడిగెను. పెరుగును. వృద్ధులకు ఒక సంవత్సరములో నూటికి 10కి మించి పెంచదలచిన కంపెనీ ముందు నియంత్రణ సంస్థను సంప్రదింపవలెనని 2025 జనవరిలో ఆజ్ఞ వచ్చినది. అది కొంత అడ్డుకట్టయే గాని గోడ కాదు.

వృద్ధుని సంగతి వేరు. 70 యేండ్లు నిండిన వారందరికి, ఆదాయముతో నిమిత్తము లేకుండ, సంవత్సరమునకు 5 లక్షల వరకు వైద్యము లభించునట్లు కేంద్ర ప్రభుత్వము 2024 అక్టోబరు 29న ఆయుష్మాన్ వయ వందన కార్డును ప్రారంభించెను. అతడు దానిని తీసికొననే లేదు. "తెల్లకార్డు లేనివాళ్ళం, మనకెందుకిస్తారు?" అని ఊరకుండెను. ఆధార్ చూపిన చాలును. ఆ సాయంత్రమే కుమారునిచేత పని మొదలుపెట్టించితిమి. ఈ కార్డు ఆ పథకములో చేరిన ఆసుపత్రులలోనే చెల్లును. జబ్బు రాకముందే దగ్గరనున్నవాటిలో ఏవి చేరియున్నవో కనుగొని గోడమీద వ్రాసికొనవలెనని చెప్పితిమి. మన సంఘములలో 70 దాటినవారు ఎందరున్నారో, వారిలో కార్డు గలవారెందరో పెద్దలు ఈ ఆదివారమే ఆరాధన తరువాత లెక్కచూడుడి. ఎలీషా ఆ విధవరాలిని పొరుగువారి పాత్రలు అడిగి తెచ్చుకొమ్మనెను గదా. చదువురాని వృద్ధునికి ఫారము నింపు యౌవనస్థుడు కూడ ఎరువు పాత్రయే.

ప్రార్థించి బయలుదేరితిమి. బస్సులో మా నెమ్మది పోయెను. వచ్చు సంవత్సరము మేమును పరిచర్యనుండి విశ్రమింపవలసినవారము. ప్రభువు చూచుకొనునని చెప్పుచు మా సంచిలో ఏమున్నదో మేము ఎన్నడును చూడలేదు. ఒక బీమా ఫారము ఆరు నెలలుగా బల్లసొరుగులో నున్నది. 65 దాటినవారికి కొత్తపాలసీ ఇయ్యకుండుటకు వీలైన పాత కట్టుబాటు 2024లో తొలగింపబడినది. ముందటి జబ్బులకు నిరీక్షణ కాలమును మూడేండ్లకు మించరాదు. ఆ మూడేండ్లు మనము ఎంత త్వరగా మొదలుపెట్టిన అంత త్వరగా తీరును. అయినను మేము ఆలస్యము చేయుటకు కారణము వేరు. మాకును చక్కెర వ్యాధి ఉన్నది.

ఇల్లు చేరి అమ్మగారితో అంతయు చెప్పితిమి. ఆమె సొరుగు తెరచి ఫారము తెచ్చి దీపముక్రింద పెట్టెను. మూడవ పుటలో ఆ ప్రశ్న యున్నది. ఉన్నది అని వ్రాసి, ఎన్నియేండ్లనుండియో ఆమెనే అడిగితిమి. "పదకొండు," అనెను. మేము తొమ్మిదనుకొనుచుంటిమి. పదకొండే వ్రాసితిమి.