మిగుల్చుకున్న కొంచెం



చార్లెస్ స్టడ్ ఇంగ్లండ్ క్రికెట్ జట్టు ఆటగాడు. 1882లో ఓవల్ మైదానంలో ఆస్ట్రేలియాపై ఆడాడు. ఆ పేరు, ఆ చప్పట్లు వదులుకొని 1885లో సువార్త కోసం చైనా వెళ్లాడు. అక్కడుండగానే తండ్రి ఆస్తిలో వాటా చేతికొచ్చింది. వేల పౌండ్లు! జార్జ్ ముల్లర్ అనాథాశ్రమం లాంటి పరిచర్యలకు చెక్కులు రాసి పంపేశాడు.

అయితే కొంత సొమ్ము మిగిలింది. దాన్ని పెళ్లికి ముందు ప్రిసిల్లా చేతిలో పెట్టాడు. కాబోయే భార్యకు ఆధారం ఉండాలనుకోవడం తప్పేమీ కాదు కదా! కానీ ఆమె, సువార్తల్లోని ధనవంతుడైన యువకుణ్ణి యేసు ఎంత అమ్మమన్నాడని అడిగింది. అంతా అన్నాడు స్టడ్. ఆ సొమ్మూ ఇచ్చేశారు.

నాకు అతని చెక్కులకన్నా ఆమె ప్రశ్నే గొప్పగా తోస్తుంది. చాలావరకు ఇచ్చేశాక మిగుల్చుకున్న కొంచెం మీదే మన నమ్మకమంతా ఆనుకొని ఉంటుంది. అది పొలం కావచ్చు, బ్యాంకు డిపాజిట్ కావచ్చు, బిడ్డ భవిష్యత్తు గురించి మనం వేసుకున్న లెక్క కావచ్చు.

తర్వాత ఈ దంపతులు ఊటీలోనూ కొన్నేళ్లు సేవ చేశారు. స్టడ్ 1931లో కాంగోలో, సేవలో ఉండగానే కన్నుమూశాడు.

ఈ ఉదయం మోకరించినప్పుడు, మీరు మిగుల్చుకున్నదేమిటో ప్రభువుతో పేరు పెట్టి చెప్పండి.