పండుగ పళ్లెము

క్రిస్మసు దినములలో ఇంటింట అరిసెల పళ్లెము ఎదురువచ్చును. మధుమేహము గల నేను దానిని వద్దన్నయెడల ఆ విధవరాలి ప్రేమను త్రోసివేసినట్లు కాదా? తినినయెడల దేవుడిచ్చిన దేహమును చెరుపుకొనుట కాదా?

దేహసాధన వలని లాభము స్వల్పమేయని పౌలు తిమోతికి వ్రాసెను గాని, అసలు లేదనలేదు. భోజనమైన పిమ్మట నడచినయెడల కండరములు రక్తములోని చక్కెరను వాడుకొనును. వారమునకు కనీసము 150 నిమిషములు చురుకైన నడకవంటి వ్యాయామము చేయుమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. అయితే నడచితిని గదాయని నాలుగు అరిసెలు తినుట దేహముతో బేరమాడుటయే. బియ్యపు పిండి, బెల్లము, నూనె. మూడును కూడినవి గదా! నిరుడు నేనట్లే చేసి జనవరిలో వైద్యుని యెదుట తల వంచుకొంటిని.

ఈ యేడు ఆమెకు నా వ్యాధి సంగతి చెప్పి, ఒక అరిసెను విరిచి సగము తిని, సగము ఆమె మనుమని చేతిలో పెట్టితిని.

“ముందే చెబితే జొన్నరొట్టె కాల్చేదాన్ని గదా, అయ్యగారూ” అనెను.

సిగ్గుచేత ఇన్నేండ్లు చెప్పకుంటిని.