చేలో మిగిలే పీలికలు

మదనపల్లె వైపు టమాటా తోటల్లో బోదెల మీద ప్లాస్టిక్ మల్చింగ్ షీటు మెరుస్తుంటుంది. కలుపు రానివ్వదు, తేమ పోనివ్వదు. రైతుకది మేలే చేస్తోంది, కాదనలేం. చిక్కంతా పంట అయిపోయాకే. 25, 30 మైక్రాన్ల ఆ పలుచని షీటు ఎండకు పెళుసెక్కి, పట్టి లాగితే సగమే చేతికొస్తుంది. తక్కినది దున్నినప్పుడు పీలికలై మట్టిలోనే ఉండిపోతుంది. ఏటా మరికొంత చేరుతుంది.

నేలలోని సూక్ష్మజీవులు తినేసే షీట్లూ వచ్చాయి. వాటికి ఐరోపా 2018లో ప్రమాణం పెట్టింది: పరీక్షలో రెండేళ్లలోపు 90 శాతం జీర్ణమైపోవాలి. ధర ఎక్కువే. కానీ ‘ఆక్సో’ రకం ప్లాస్టిక్‌ని వీటితో కలిపి చూడకండి. అది ముక్కలవుతుందే తప్ప మట్టిలో కలవదు. ఐరోపా దాన్ని 2021లో నిషేధించింది కూడా.

నా మనసు మాత్రం వరిగడ్డి మీదే ఉంది. కోత కాగానే ఎంత గడ్డిని తగలబెడుతున్నాం! ఆ గడ్డి, చెరకు ఆకు, వేరుశనగ పొట్టు, ఏది దొరికితే అది కూరగాయ మడిలో షీటుకు బదులు నాలుగు వేళ్ల మందాన పరవండి. నేల చల్లగా ఉంటుంది, పరచినది చివికి ఎరువవుతుంది. చెదలున్న చేలో కాస్త కనిపెట్టుకుని ఉండాలి. మొక్క మొదలుకు మాత్రం ఆనించకండి, తడికి కుళ్లు పడుతుంది.